ఈస్టర్ భోజనం, ఇంట్లో ఎవరూ మిగలకుండా: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

శ్రమకాలం, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలం, మొదలైంది. ఈసారి ఈస్టర్ ఏప్రిల్ 5న. తెనాలి దగ్గర మా ఊళ్ళో, పెదనాన్న కట్టిన ఇంట్లో ఎప్పట్లాగే అందరం చేరతాం. పిల్లాజెల్లా కలిపి నలభై మంది దాకా తేలతాం. ఇన్నేళ్ళూ ఆ రోజు వంటంతా పెద్దమ్మ చేతుల మీదుగా నడిచింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇక నిలబడలేనని సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పింది. "ఈ ఏడు నువ్వు చూసుకోవే" అంది నాతో.

ఒప్పుకున్నాను. అయితే మనసులో ఉన్న మాట కూడా అప్పుడే చెప్పేశాను. ఈస్టర్ నాడు నాలుగింటికే ఊరంతా సమాధుల దొడ్డికి వెళ్తాం. సున్నం వేసి పూలతో అలంకరించిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, తెల్లవారాక ఇళ్ళకు వస్తాం. పెద్దమ్మ మాత్రం రాదు. పొయ్యి దగ్గర ఉంటుంది. పెదనాన్న పోయి ఇన్నేళ్ళయినా, ఈస్టర్ తెల్లవారుజామున ఆయన సమాధి దగ్గర ఆమె ఒక్కసారి కూడా కొవ్వొత్తి వెలిగించలేదు. అంట్లు సర్దేశాక సాయంత్రం ఎవరైనా బండి మీద తీసుకెళ్తే వెళ్ళొచ్చేది, అంతే. సువార్తల్లో ఆ ఉదయం సమాధి దగ్గరికి ముందు వెళ్ళింది ఆడవాళ్ళే, సుగంధ ద్రవ్యాలు పట్టుకుని. మా ఇంట్లో ఆడవాళ్ళు మసాలా నూరుతూ ఇంటి దగ్గరే ఆగిపోతున్నారు. అది నాకు చాలాకాలంగా కష్టంగా ఉంది.

కాబట్టి ఈ ఏడాది నా లెక్క ఇది: తెల్లవారుజామున సమాధుల దొడ్డికి వెళ్ళేటప్పుడు గానీ, తొమ్మిదిన్నర ఆరాధనకు వెళ్ళేటప్పుడు గానీ వంట కోసం ఒక్కరు కూడా ఇంట్లో మిగలకూడదు. అయినా ఉదయం గారెలు, మధ్యాహ్నం పలావు వేడిగా, పెద్దమ్మ రుచితో ఉండాలి. వంటమేస్త్రీని పెట్టుకుందాం అక్కా అన్నాడు తమ్ముడు. పెళ్ళిళ్ళకు పెట్టుకుంటాం, తప్పేం లేదు. కానీ నలభై రోజులు మాంసం ముట్టకుండా ఉండి, ఆ రోజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు అది మా ఇంటి వంట కావాలి. ఈ విషయంలో నేను తగ్గను.

ఫిబ్రవరి 22

ముందు కాగితం మీద గంటలు రాసుకున్నాను, వంటకాలు ఆ తర్వాత. మూడింటికి లేవడం. నాలుగింటికి సమాధుల దొడ్డి. ఆరు దాటాక ఇంటికి. తొమ్మిదిన్నరకు గుడి. ఈస్టర్ ఆరాధన, రొట్టె ద్రాక్షారసం పంచే ప్రభు సంస్కారం అన్నీ అయ్యేసరికి పన్నెండున్నర దాటుతుంది. ఒకటిన్నరకు వడ్డన. అంటే పొయ్యి దగ్గర ఉండగలిగేది ఉదయం రెండున్నర గంటలు, గుడి నుంచి వచ్చాక ముప్పావు గంట. మిగతా పనంతా శనివారం రాత్రికే అయిపోవాలి.

ఇప్పుడు పాత మెనూ: గారెలు, నాటుకోడి పులుసు, మటన్ పలావు, కోడి వేపుడు, చేపల పులుసు, గుత్తి వంకాయ, గోంగూర పచ్చడి, పెరుగు చట్నీ, పాకం గారెలు, సేమ్యా పాయసం. ఇంత జాబితా చూస్తే పెద్దమ్మ ఎందుకు గుడికి రాలేకపోయిందో తెలుస్తుంది. కోడి వేపుడు, వంకాయ, పాయసం కొట్టేశాను. వేపుడు అప్పటికప్పుడు చేస్తేనే బాగుంటుంది, ఆ అరగంట మా దగ్గర లేదు. పలావు పక్కన వంకాయను ఎవరూ ముట్టుకోవడం నేను చూడలేదు. పాయసం ఆ ఎండలో పాలు విరుగుతాయేమోనన్న టెన్షన్ తప్ప ఇంకేం ఇవ్వదు.

ఫోన్లో చదివి వినిపించాను. పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గారెల్లోకి కోడికూర మాత్రం తీసెయ్యకు" అంది. తీయలేదు. శనివారం రాత్రే వండి, తెల్లారి మరిగిస్తాం.

మార్చి 1

ఊరెళ్ళి కొలతలు తెచ్చుకున్నాను. పెద్దమ్మ అన్నీ సోల, గిద్దల్లో చెబుతుంది. సోలకు నాలుగు గిద్దలు, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆ లెక్క అందరికీ తెలిసిందే. అయితే ఒక్కో ఇంటి సోల ఒక్కో మాదిరి ఉంటుంది. అందుకని ఆమె వాడే ఇత్తడి సోలనే ముందు పెట్టుకుని, దానితో కొలిచిన ప్రతిదీ నా తూకం మిషను మీద పెట్టాను. బియ్యం, కొబ్బరి తురుము, గసగసాలు, చివరికి ఆమె గుప్పెడు పుదీనా కూడా. ఆమె తీసి పెట్టడం, నేను తూచి రాసుకోవడం. మధ్యాహ్నం అలాగే గడిచిపోయింది.

పలావు మసాలాలో నేను అనుకున్నదానికంటే తక్కువే ఉన్నాయి: దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు, మరాఠీ మొగ్గ, అనాసపువ్వు, కొద్దిగా జాజికాయ. కారమంతా పచ్చిమిర్చిదే. గుంటూరు జిల్లాలో ఉండి ఎండుకారం వేయని పలావు ఏమిటని కొత్తగా వచ్చిన కోడళ్ళు అడుగుతుంటారు. తిన్నాక ఎవరూ అడగరు. కొబ్బరిపాలు, గసగసాల ముద్ద దాని ప్రాణం. బియ్యం చిట్టిముత్యాలు. బాస్మతి వాడదామంటే పెద్దమ్మ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. చిట్టిముత్యాలు చిన్న గింజే గానీ మాంసం రసాన్ని అది పీల్చుకున్నట్టు బాస్మతి పీల్చుకోదు. ఆ వాసన వేరు.

నలభై మందికి లెక్క: మనిషికి ఎముకతో కలిపి 200 గ్రాముల మాంసం, అంటే 8 కిలోలు. బియ్యం 5 కిలోలు. పిల్లలు తక్కువ తింటారు, మా బాబాయిలు ఎక్కువ తింటారు, సరిపోతుంది.

మార్చి 8

అసలు చిక్కు మాంసం దగ్గరుంది. 8 కిలోల పొట్టేలు మాంసం మెత్తగా ఉడకడానికి గంటన్నర పడుతుంది. ఉదయం ఏడింటికి తాళింపు మొదలుపెడితే తొమ్మిదికి సగమే ఉడుకుతుంది. పొయ్యి వెలిగించి ఇల్లు వదిలి వెళ్ళే ప్రసక్తి లేదు. పోనీ ఉడికించి కట్టేసి వెళ్దామా అంటే, ఏప్రిల్ ఎండలో మూడున్నర గంటలు గోరువెచ్చగా ఉన్న మాంసాన్ని నలభై మందికి పెట్టే ధైర్యం నాకు లేదు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన ఉంటే ఫరవాలేదు. అంతకు తగ్గితే గడియారం మొదలైనట్టే. బయట 32 డిగ్రీలు దాటిందంటే గంటకు మించి ఉంచొద్దంటారు.

దీనికి నాకు దొరికిన దారి గడ్డి పెట్టె. ఇది కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో ఇంధనం పొదుపు కోసం ఇళ్ళల్లో ఇలాగే వండుకున్నారు. ఒక పెట్టెలో ఎండుగడ్డి దట్టంగా కూరి, మధ్యలో గుంట చేసి, తెర్లుతున్న గిన్నెను మూతతో సహా అందులో దించి, పైన మళ్ళీ గడ్డి, దుప్పట్లు కప్పేస్తారు. వేడి బయటికి పోదు. వంట తనంతట తనే ఉడుకుతుంది. డెల్టాలో పుట్టి వరిగడ్డికి వెతుక్కోవాలా?

అన్నయ్య అటక మీది పాత ట్రంకు పెట్టె దించి పెట్టాడు. అడుగున గోనెసంచులు, చుట్టూ జానెడు మందాన గడ్డి. గడ్డిని చేత్తో వేస్తే చాలదు, కాలితో తొక్కి బిగించాలి. డేగిసాను గుడ్డలో చుట్టాకే దించాలి, లేకపోతే మసీ గడ్డీ ఒకటవుతాయి. శ్రమకాలంలో మాంసం వండం కాబట్టి ముందు ఉత్త నీళ్ళతో చూశాం. 10 లీటర్లు తెర్లించి, పెట్టెలో పెట్టి, పైన పెద్దమ్మ బొంత కప్పి వదిలేశాం. నాలుగు గంటలయ్యాక థర్మామీటరు గుచ్చితే 79 డిగ్రీలు. అన్నయ్య నమ్మలేదు, మళ్ళీ గుచ్చమన్నాడు. 79.

తర్వాత రాత్రి నానబెట్టిన శనగలతో కూడా చేశాం. పది నిమిషాలు తెర్లించి పెట్టెలో పెడితే, సాయంత్రానికి వేళ్ళ మధ్య చిదిమితే చితికిపోయాయి. తాళింపు పెట్టుకుని శ్రమకాల కూటానికి వచ్చినవాళ్ళకు పెట్టాం. పెద్దమ్మ రెండు గింజలు నోట్లో వేసుకుని పెట్టె వంక చూసింది. "మాంసం దీనికంటే తొందరగానే ఉడుకుతుంది" అంది. నాకు ఆ మాట చాలు.

మార్చి 15

గుంటూరులో మా ఇంట్లో పలావు నీళ్ళ లెక్క తేల్చుకున్నాను. మాంసం బదులు లేత పనసకాయ ముక్కలు. కిలో బియ్యానికైతే గ్లాసుకు గ్లాసుంముప్పావు, కొబ్బరిపాలతో కలిపి. కానీ పెద్ద డేగిసాలో 5 కిలోలు వండేటప్పుడు ఇదే కొలత వాడితే ముద్దవుతుంది. గిన్నె పెద్దదయ్యేకొద్దీ ఆవిరిగా పోయే నీళ్ళు బియ్యంతో పోలిస్తే తగ్గుతాయి. పెద్దమ్మ ఎప్పుడూ పెద్ద వంటకు గ్లాసుకు గ్లాసున్నర అంటుంది, అదే సరి. పెట్టెలోంచి తీసిన మాంసంలో ఎంత రసం ఉంటుందో ముందు చెప్పలేం. అందుకని ముక్కలు వేరుగా తీసి, రసాన్ని సోలతో కొలిచి, తక్కువైతే వేడినీళ్ళు కలుపుకోవాలి. ఈ వాక్యం పెద్ద అక్షరాలతో రాసి వంటగది తలుపుకు అంటించేలా పెట్టుకున్నాను.

పనసకాయ పలావు కూడా బాగుంది. శ్రమకాలంలో ఇంటికి ఎవరైనా వస్తే ఇక ఇదే.

మార్చి 21

ఉగాది వెళ్ళింది. వేరేచోట్ల వాళ్ళు ఈస్టర్ ఉదయం ఏం తింటారో కొంచెం చదివాను. మా పథకం వింతేమీ కాదని తెలిసి సంతోషమేసింది. పోలండులో శనివారమే గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజి బుట్టలో సర్ది గుడికి తీసుకెళ్ళి దీవెన చేయించుకుంటారు. ఆదివారం ఉదయం ఆరాధన అయ్యాక ఆ బుట్టలోవే చల్లగా తింటారు. గ్రీసులో గొర్రెపిల్ల పేగులు, కాలేయం ఆకుకూరలతో వేసి మగిరిత్స అనే సూపు శనివారమే కాచి పెట్టుకుంటారు, అర్ధరాత్రి ఆరాధన నుంచి వచ్చి ఉపవాసం విడుస్తారు. మాంసాన్ని కాల్చుకు తినేది ఆదివారం మధ్యాహ్నమే. పండుగ వంటను ఆరాధన వేళకు తగ్గట్టు అమర్చుకోవడం వాళ్ళకు ఎప్పటినుంచో ఉంది.

గుడ్ల సంగతి కూడా అంతే సహజంగా వచ్చింది. పూర్వం యూరపు సంఘాల్లో శ్రమకాలంలో గుడ్లు కూడా నిషేధం. కోళ్ళు మాత్రం పెడుతూనే ఉంటాయి కదా. పోగుపడ్డవన్నీ పండుగ నాడు తినేవాళ్ళు. మా ఊళ్ళో ఈస్టర్ గుడ్డు అలవాటు లేదు, గుంటూరులో పిల్లల సండే స్కూల్లో పంచితే చూశారు. వాళ్ళు అడుగుతున్నారు కాబట్టి పలావు ఉల్లిపాయల పొట్టు దాచమన్నాను. ఆ పొట్టు నీళ్ళల్లో ఉడికిస్తే గుడ్లకు ఎర్రమట్టి రంగు పడుతుంది, పసుపు వేస్తే పచ్చగా వస్తాయి. వలిచాక పలావు మీదికే.

తేదీ గురించి ఒక మాట. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. ఈ ఏడు అది చైత్ర పౌర్ణమి, ఏప్రిల్ 2న. 2024లో ఫాల్గుణ పౌర్ణమితోనే లెక్క కుదిరి మార్చి 31కే వచ్చేసింది. నిరుడు ఏప్రిల్ 20. మెనూ రాసేవాళ్ళు ఇది చూసుకోవాలి. నిరుడు ముంజలు గెలలు గెలలుగా దొరికాయి, భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని అందరం అవే తిన్నాం. ఈసారి ఏప్రిల్ 5కి అప్పుడప్పుడే దిగుతుంటాయి, దొరికితే దొరికినట్టు. పుచ్చకాయలు ఖాయం. పుల్ల మామిడికాయ దొరుకుతుంది కాబట్టి చేపల పులుసులో చింతపండు తగ్గించి మామిడికాయ వేద్దామని నిర్ణయించాను.

మార్చి 29, మట్టల ఆదివారం

పిల్లలు మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగి వచ్చారు. మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి పనులు పంచాను. గోంగూర పచ్చడి వదిన గురువారమే చేసి పెడుతుంది. శుక్రవారం వంట పనేదీ లేదు. శనివారం పొద్దున మగవాళ్ళు సమాధుల దొడ్డిలో పని చూసుకుని, మధ్యాహ్నం నుంచి ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం వాళ్ళే ఒలిచి తరుగుతారు. 6 కిలోల ఉల్లిపాయలు. బాబాయి కొంచెం ముఖం చిట్లించాడు, పెద్దమ్మ వైపు చూశాడు, సరే అన్నాడు. చేప మా బావ తెస్తాడు, బొచ్చె, 4 కిలోలు.

పొట్టేలు విషయం ముందే మాట్లాడేశాం. ఈస్టర్ ముందురోజు రాత్రి కొట్ల దగ్గర జనం చూస్తే భయమేస్తుంది. మా వీధిలో నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి పొట్టేళ్ళు కొని శనివారం సాయంత్రం కోయించి పోగులేసుకుంటాం. తొడ ముక్క, ఎముక, కొవ్వు అన్నీ అందరికీ సమంగా పడతాయి. పలావుకు ఇలాంటి మాంసమే మంచిది.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

పన్నెండు నుంచి మూడింటి దాకా గుళ్ళో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. ఇంటికి వచ్చి మజ్జిగ తాగి, పప్పూ అన్నం తిన్నాం.

ఏప్రిల్ 4, శనివారం

ఉదయమే ఊరు చేరాను. సమాధుల దొడ్డి నుంచి సున్నం వాసన రోడ్డు దాకా వస్తోంది. తాతయ్యకూ నాయనమ్మకూ పెదనాన్నకూ తమ్ముళ్ళే సున్నం కొట్టారు. బంతిపూలు, చామంతులు రెండు గంపలు.

రెండింటికి వంట మొదలైంది. ముందు చేపల పులుసు. పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది, చేసింది నేను. మట్టి దాకలో ఉల్లిపాయ ముద్ద నూనెలో బాగా వేగాలి. అంచుల దగ్గర నూనె చిన్న చిన్న బుడగలుగా విడివడి, గరిటెతో తోస్తే ముద్ద మొత్తం ఒకేసారి జారేదాకా ఆగమంది. అప్పుడు కారం, ధనియాల పొడి, కాస్త చింతపండు పులుసు. అది తెర్లాక చేప ముక్కలు, వాటి మీద మామిడికాయ ముక్కలు. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు, దాకను గుడ్డతో పట్టుకుని తిప్పడమే. పులుపు చేపకు పట్టాలంటే రాత్రంతా ఉండాలి, తెల్లారితేనే దాని రుచి తెలుస్తుంది. పెద్దమ్మ దాన్ని ఉట్టి మీద పెట్టమంటుంది. ఫ్రిజ్‌లో పెట్టాను. బయట ఇంకా 38 డిగ్రీలుంది, ఈ ఒక్కటీ నా మాటే నెగ్గాలన్నాను.

అయిదింటికి పోగులు పడ్డాయి. మాంసం కడిగి, ఉప్పు, పసుపు, పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి రెండు డబ్బాలుగా ఫ్రిజ్‌లోకి. మా ఫ్రిజ్ నిండిపోయింది. పక్కింటి పిన్నిగారు వాళ్ళ ఫ్రిజ్‌లో రెండు అరలు ఖాళీ చేసి ఇచ్చారు. ఇంత పెద్ద వంట పెట్టుకునేవాళ్ళు పక్కింటి ఫ్రిజ్ గురించి కూడా ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.

ఆరున్నరకు మినప్పప్పు గ్రైండర్లో వేశామో లేదో కరెంటు పోయింది. రెండున్నర కిలోల పప్పు. గంట చూసినా రాలేదు. పెరట్లో రుబ్బురోలు కడిగి, తమ్ముళ్ళిద్దరూ వంతులేసుకుని రుబ్బారు. పెద్దమ్మ చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ, పిండి వేలికి అంటి పైకి లేస్తోందా లేదా చూస్తూ కూర్చుంది. పిండిలోంచి చిన్న ఉండ తీసి నీళ్ళగ్లాసులో వేస్తే తేలింది. "చాలు, తియ్యండి" అంది. అందులో మూడో వంతుతో అప్పుడే గారెలు వేసి బెల్లం పాకంలో పడేశాం. పాకం తీగ రానవసరం లేదు, వేళ్ళకు జిడ్డుగా తగిలితే చాలు. తెల్లారేసరికి లోపలిదాకా పీల్చుకుంటాయి. మిగతా పిండి ఉప్పు వేయకుండా ఫ్రిజ్‌లోకి. ఉప్పు వేస్తే రాత్రికి పల్చబడుతుంది.

నాటుకోడి పులుసు తొమ్మిదికి దిగింది. వెడల్పాటి పళ్ళెం లాంటి గిన్నెలోకి ఒంపి, అడుగున చల్లటి నీళ్ళు పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాం. లోతు గిన్నెలో అలాగే వదిలేస్తే మధ్యలో ఎంతకీ చల్లారదు. వేయించిన ఉల్లిపాయలు, పలావు మసాలా, తురిమిన కొబ్బరి డబ్బాల్లో సిద్ధం. పదింటికి పాలు తోడు పెట్టాం. ఈ వేడికి అయిదు గంటల్లో తోడుకుంటాయి, మూడింటికి లేవగానే ఫ్రిజ్‌లో పెడితే మధ్యాహ్నానికి పులవదు.

ఏప్రిల్ 5, ఈస్టర్, రాత్రి

మూడింటికి లేచాం. పౌర్ణమి వెళ్ళి మూడు రోజులే కాబట్టి దారంతా వెన్నెల. పెద్దమ్మను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. సమాధుల మధ్య కారు పోదు, అన్నయ్య చెయ్యి పట్టుకుని నడిచింది. పెదనాన్న సమాధి మీద నాలుగు మూలలా నాలుగు కొవ్వొత్తులు తనే వెలిగించింది. గాలికి ఒకటి ఆరితే పిల్లలు ముందుకు వచ్చారు, వద్దని మళ్ళీ తనే వెలిగించింది. పాస్టరు గారు "క్రీస్తు లేచెను" అనగానే దొడ్డి అంతా "నిజముగా లేచెను" అంది. పెద్దమ్మ గొంతు నా పక్కనే వినిపించింది. ఇంతకంటే రాయలేను.

ఆరుంపావుకు ఇల్లు చేరాం. ఆ తర్వాత పరుగే. బయట కర్రల పొయ్యి మీద కోడి పులుసు మరుగుతోంది. గ్యాసు మీద రెండు బాండీల్లో వదిన, మరదలు గారెలు. పెద్ద బర్నర్ మీద నేను మాంసం తాళింపు. ఏడున్నరకు గారెలు ఆకుల్లో పడ్డాయి. నలభై రోజుల తర్వాత మొదటి మాంసం ముద్ద కదా, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రుబ్బురోలు పిండితో గారెలు బయట కరకర, లోపల దూది. వచ్చే ఏడు కరెంటున్నా రోట్లోనే రుబ్బుదాం అని తమ్ముడే అన్నాడు.

ఎనిమిదింపావుకు మాంసం తెర్లింది. అరగంట మూతపెట్టి బాగా ఉడకనిచ్చి, తొమ్మిది కొట్టేలోపు రెండు డేగిసాలనూ రెండు ట్రంకు పెట్టెల్లో దించాం. గడ్డి, గోనెలు, బొంత. కొబ్బరిపాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టాం. గ్యాసు కట్టేసి, తలుపు తాళం వేసి అందరం గుడికి. ఈస్టర్ నాడు ఆ ఇంటికి తాళం వేయడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

బాప్తిస్మాలు ఉండటంతో ఆరాధన ఒంటిగంట దాకా సాగింది. ఇంటికి రాగానే బొంత తీసి థర్మామీటరు గుచ్చాను. పెద్ద డేగిసా 76, చిన్నది 69. రెండూ 60 పైనే. ముక్క ఎముక మీంచి జారుతోంది. రసం కొలిస్తే బియ్యానికి కావలసినదానికి రెండు సోలలు తక్కువ, వేడినీళ్ళు, కొబ్బరిపాలతో సరిచేశాం. రసం మళ్ళీ తెర్లేలోపు బియ్యం నానాయి. ఆ కాసేపు పిల్లలకు పుచ్చకాయ ముక్కలు, పెద్దవాళ్ళకు మజ్జిగ. బియ్యం పడ్డాక ఇరవై నిమిషాలు, దమ్ము మీద పావుగంట. రెండింటికి మూత తీశాం.

పెద్దమ్మకు మొదటి ఆకు వేశాం, అందరితో పాటు కూర్చుని. ముందు ఉత్త పలావు నాలుగు మెతుకులు, తర్వాత ముక్క. "ఉప్పు సరిపోయింది. జాజికాయ ఇంకొంచెం పడాలి" అంది. ఇంకోసారి వడ్డించుకుంది. చేపల పులుసుకు తెల్లన్నం వండింది చాలలేదు, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. దాక అడుగున పులుసు గీరుకోవడానికి బాబాయిలు పోటీ పడ్డారు. మామిడికాయతో ఇక ఏటా చేయాల్సిందే.

యోహాను సువార్త చివర్లో, పునరుత్థానుడైన ప్రభువు ఒడ్డున నిప్పులు వేసి చేపలూ రొట్టే సిద్ధం చేసి, రాత్రంతా వల వేసి అలసి వచ్చిన శిష్యులను భోజనానికి పిలుస్తాడు. పాస్టరు గారు ఈ రోజు చదివింది అది కాదు గానీ, వడ్డిస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

ఏప్రిల్ 6

మిగిలిన పలావును నిన్న మధ్యాహ్నమే డబ్బాల్లో పెట్టి వీధిలో అన్ని ఇళ్ళకూ పంపేశాం. అన్నం రాత్రిదాకా బయట ఉంచకూడదు. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉంటాయి, ఆ వేడిలో పెరుగుతాయి. తర్వాత ఎంత మరిగించినా అవి వదిలిన విషం పోదు. పాకం గారెలు మాత్రం ఉంచుకున్నాం, ఊరికెళ్ళేవాళ్ళకు తలో నాలుగు.

వచ్చే ఏడాదికి రాసిపెట్టుకున్నవి. మాంసం రెండు డేగిసాల్లోకి సమంగా పంచాలి. గిన్నె సగానికి తక్కువ నిండితే వేడి తొందరగా పడిపోతుంది. తెల్లబియ్యం ఇంకో కిలో. పెరుగు సరిపోయింది. ఉల్లిపొట్టు గుడ్లు బాగా వచ్చాయి, పిల్లలు పలావు కంటే ముందే సగం తినేశారు కాబట్టి రెట్టింపు ఉడికించాలి. జాజికాయ ఒకటికి ఒకటిన్నర. రుబ్బే పని తమ్ముళ్ళదే, వాళ్ళే ఒప్పుకున్నారు.

2027లో ఈస్టర్ మార్చి 28న. ముంజలు ఉండవు. మామిడికాయ కూడా ఇంకా పులుపెక్కకుండా పిందె మీదే ఉండొచ్చు. కాబట్టి చేపల పులుసుకు చింతపండు సిద్ధంగా ఉంచుకోవాలి, పిందె దొరికితే పైన వేయొచ్చు. ఎండ కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి సేమ్యా పాయసం మళ్ళీ పెడదామని వదిన అడుగుతోంది, శనివారం ఎవరు కాస్తారో తేలాకే సరే అంటాను. ట్రంకు పెట్టెలు దులిపి అటక మీద పెట్టించాను. గడ్డి మాత్రం ఏటా కొత్తది కావాలి. కోతలప్పుడే నాలుగు మోపులు వేరుగా కట్టించి పెడతానని అన్నయ్య అన్నాడు.